పెద్ద కన్సల్టింగ్ కంపెనీలో ఆఫర్ వస్తే

ఈ ఏడాది ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల పిక్నిక్‌లో ఇద్దరు తల్లులు నన్ను పక్కకి పిలిచి, తమ పిల్లల గురించి ఒకే మాట అడిగారు. "పెద్ద కన్సల్టింగ్ కంపెనీలో ఆఫర్ వచ్చిందండీ, చేరమంటారా?" అలాంటి కంపెనీలో 12 ఏళ్లు పనిచేసి బయటికొచ్చినవాణ్ని. అక్కడ నిలబడి రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను, అందుకే ఇది రాస్తున్నాను.

మనవాళ్లకి కన్సల్టెన్సీ అనగానే గుర్తొచ్చేది వేరు. చిన్న ఆఫీసు, గెస్ట్‌హౌస్‌లో ఆరుగురు, ప్రాజెక్టు దొరికేదాకా జీతం లేని బెంచ్. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి బెంచ్ మీదున్నా జీతం ఇచ్చి తీరాలని చట్టం ఉంది, కానీ అడిగే ధైర్యం ఎంతమందికి ఉండేది? వేరే కంపెనీలకి, అంటే క్లయింట్లకి, సలహాలిచ్చి ప్రాజెక్టులు చేసిపెట్టే డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ, యాక్సెంచర్ లాంటి వాటి సంగతి వేరు.

అక్కడ నేర్చుకునేదాన్ని నేనెప్పుడూ తక్కువ చేయను. నాకు 26 ఏళ్లప్పుడు ఒహాయోలో ఒక హాస్పిటల్ బిల్లింగ్ ప్రాజెక్టులో వేశారు. రెండో వారంలోనే వాళ్ల ఫైనాన్స్ హెడ్‌కి ఇన్సూరెన్స్ క్లెయిములు ఎక్కడ ఆగిపోతున్నాయో చెప్పాల్సి వచ్చింది. ముందురోజు రాత్రి మా మేనేజర్ నా 14 స్లయిడ్లూ చూసి మూడే ఉంచింది. "ఆగిపోయిన డబ్బెంత, ఎప్పుడొస్తుంది? ఆవిడ అడిగేది అదే. ముందు అది పెట్టు" అంది. పెద్ద హోదాలో ఉన్నవాళ్లతో తడబడకుండా మాట్లాడటం, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుని మర్నాటికి తెలుసుకుని రావడం నాకు అక్కడే అలవాటయ్యాయి.

దానికి బదులుగా ఇచ్చింది కూడా చెప్పాలి. సోమవారం తెల్లవారుజామున ఫ్లైటు, గురువారం రాత్రి ఇంటికి. ఏళ్ల తరబడి అంతే. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు తెలుగు క్లాసులో "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగితే, "మా నాన్న ఎయిర్‌పోర్టులో పనిచేస్తారు" అని చెప్పిందట. వాక్యం తప్పు లేకుండా చెప్పిందని టీచరుగారు మెచ్చుకున్నారు. నేను కారులో కూర్చుని చాలాసేపు స్టార్ట్ చేయలేకపోయాను. కోవిడ్ తర్వాత ప్రయాణాలు తగ్గిన మాట నిజమే, కానీ క్లయింటు రమ్మంటే వెళ్లాల్సిందే.

మన పిల్లలకి ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. మేనేజర్ దాకా పని బాగా చేస్తే ప్రమోషన్ వస్తుంది. ఆ పైన చూసేది నువ్వు ఎంత పని తెచ్చావని. అంటే అమ్మకం. క్లయింటుతో భోజనాలు, పరిచయాలు, తర్వాతి ప్రాజెక్టు గురించి ఆరు నెలల ముందే మాటలు. "తల వంచుకుని పని చేసుకో, గుర్తింపు అదే వస్తుంది" అని పెంచాం మనం. నేను చూసిన మనవాళ్లలో చాలామంది ఆ మెట్టు దగ్గరే ఆగిపోయారు. నేనూ ఆగిపోయాను. ఏటా రేటింగ్ బాగుందనేవాళ్లు, ప్రమోషన్ లిస్టులో మాత్రం పేరుండేది కాదు. చేరిన మొదటి ఏడాదే ఈ లెక్క ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

ఇండియా నుంచి వచ్చి చదువుకుని చేరే పిల్లలు, గ్రీన్ కార్డుకి మొదటి మెట్టయిన లేబర్ సర్టిఫికేషన్ కంపెనీవాళ్లు ఎప్పుడు మొదలుపెడతారో ఆఫర్ ఒప్పుకునేముందే అడగాలి. హెచ్-1బీకి మామూలుగా ఆరేళ్లే గడువు. ఆ తర్వాతి మెట్టు ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్, అప్రూవ్ అయితే ఆ పైన పొడిగించుకోవచ్చు. కంపెనీ మారితే కాగితాలన్నీ మళ్లీ మొదలుపెట్టాలి గానీ, పాత ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డు లైన్‌లో మన చోటు చెప్పే తేదీ, సాధారణంగా మనతోనే వస్తుంది. ఈ సంగతి సరిగ్గా తెలుసుకోక, కదిలితే లైన్‌లో చోటు పోతుందన్న భయంతో నేను నాలుగేళ్లు అనవసరంగా ఉండిపోయాను. పెద్ద పేరు ఉద్యోగాన్ని కాపాడుతుందనీ అనుకోవద్దు. 2023 మార్చిలో యాక్సెంచర్ 19,000 ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించింది. ఉద్యోగం పోతే హెచ్-1బీ వాళ్లకి ఇంకోటి వెతుక్కోవడానికి ఉండేది మహా అయితే 60 రోజులు. ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది.

ఇంతకీ ఆ తల్లులకి నా జవాబు: చేరమనండి. మూడు నాలుగేళ్లు ఒళ్లు వంచి నేర్చుకోమనండి. పై మెట్టులోని అమ్మకం పని నచ్చితే ఉండమనండి, నచ్చకపోతే పిల్లలు పుట్టకముందే క్లయింటు కంపెనీల్లోనే ఉద్యోగం చూసుకోమనండి. మీరు కూడా వచ్చే సంక్రాంతికి అందరికీ కంపెనీ పేరు చెప్పి మురిసిపోయే ముందు, వారంలో ఎన్ని రాత్రులు ఇంట్లో పడుకుంటున్నావని వాళ్లని అడగండి.