కెమెరాని బట్టల మధ్య చుట్టి చెక్-ఇన్ చేయమంటున్న ఆ మెసేజ్‌ని నమ్మకండి

పెళ్లి ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: కెమెరాల కోసం వేలకు వేలు పోసి హార్డ్ కేస్ కొనడం దండగ, మంచి పాలీకార్బనేట్ సూట్‌కేస్ ఒకటి తీసుకుని కెమెరా బాడీలు, లెన్సులు, బ్యాటరీలు అన్నీ బట్టల మధ్య చుట్టి చెక్-ఇన్ చేసేయండి, టీఎస్ఏ లాక్ వేయండి, ఫ్రాజైల్ స్టిక్కర్ వేయించండి, ఏమైనా అయితే ఎయిర్‌లైన్స్ వాళ్లే కడతారు. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు దీన్ని నాకు పంపి, "అన్నా, ఉదయ్‌పూర్ పెళ్లికి ఇలాగే వెళ్దామా?" అని అడిగాడు. వద్దని ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఇందులో ఒకటి రెండు సగం నిజాలున్నాయి, జనం నమ్ముతున్నది వాటిని చూసే, అందుకని ఒక్కో మాటా తీసుకుని చెప్తాను.

ముందు "బ్యాటరీలు కూడా చెక్-ఇన్‌లోనే" అన్న మాట. ఇది మన ఇష్టాయిష్టాల విషయం కాదు, నిబంధన. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సామానులోనే ఉండాలి. 100 వాట్-అవర్ల లోపువి మామూలుగా తీసుకెళ్లొచ్చు, 100 నుంచి 160 మధ్యవైతే ఎయిర్‌లైన్స్ అనుమతితో మనిషికి రెండు, ఆపైన అసలు కుదరదు. సోనీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 లాంటి కెమెరా బ్యాటరీ 16 వాట్-అవర్ల చిల్లర, దాంతో ఇబ్బంది లేదు. వీడియో లైట్లకు వాడే వీ-మౌంట్ అనే పెద్ద బ్యాటరీలతోనే జాగ్రత్త, కొనేటప్పుడే 98, 99 అని రాసి ఉన్నవి చూసుకోండి. రాసి లేకపోతే వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించండి, లెక్క తేలిపోతుంది. టెర్మినల్స్ మీద టేప్ వేయండి. స్క్రీనింగ్‌లో బ్యాటరీ కనబడితే బ్యాగ్ ఆపేస్తారు, మిమ్మల్ని పిలిచేసరికి మీరు గేటు దగ్గరుంటే బ్యాగ్ వెనకబడిపోవచ్చు. అసలు కారణం ఇంకా పెద్దది: క్యాబిన్‌లో బ్యాటరీ పొగలొస్తే సిబ్బంది వెంటనే చూస్తారు, కింద సామాన్ల అరలో మంట మొదలైతే దాన్ని చేరుకునే మనిషి ఉండడు.

తర్వాత "పాలీకార్బనేట్ పగలదు, బట్టలు చుడితే చాలు" అన్నది. మొదటి సగం చాలావరకు నిజమే. చవకరకం ఏబీఎస్ ప్లాస్టిక్ డొక్కు ఒక దెబ్బకి బీట తీస్తే, పాలీకార్బనేట్ లోపలికి వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. సమస్య అక్కడే ఉంది. అది వంగిన ఆ క్షణంలో గోడకి ఆనుకుని ఉన్న లెన్స్ మీద దెబ్బంతా పడుతుంది, సూట్‌కేస్ మీద మాత్రం గీత కూడా ఉండదు. రెండేళ్ల కిందట గోవా పెళ్లికి నేనూ లెన్సుని తువ్వాల్లో చుట్టి పెట్టాను. బెల్ట్ మీద పెట్టె కొత్తదానిలాగే వచ్చింది. తెరిస్తే బట్టలన్నీ ఒక మూలకి కుదించుకుపోయి, ఫ్లాష్ వచ్చి 85 ఎంఎం లెన్స్ మీద పడి ఉంది, ఆటోఫోకస్ పోయింది. బట్టలు మెత్తగా ఉంటాయి గానీ ఒకచోట నిలవవు, ప్రయాణంలో నలిగి జారిపోతాయి, బరువైన వస్తువు మెల్లగా కిందికి దిగుతుంది. కెమెరాని కాపాడేది పైడొక్కు ఒక్కటే కాదు, లోపల వస్తువు కదలకపోవడం కూడా. వస్తువు కొలతకి కోసిన ఫోమ్ గానీ, గట్టి ప్యాడెడ్ డివైడర్లు గానీ ఉండాలి, గోడకీ వస్తువుకీ మధ్య కనీసం రెండు మూడు వేళ్ల మందం ఉండాలి. మూసి ఊపి చూడండి, లోపల చప్పుడైతే మళ్లీ సర్దండి. లెన్స్‌ని బాడీకి తగిలించి మాత్రం ఎప్పుడూ సర్దకండి, దెబ్బ తగిలితే ఆ బరువంతా రెండూ కలిసే మౌంట్ మీద పడుతుంది.

"హార్డ్ కేస్ దండగ" అన్న మాటలో నేను ఒప్పుకునేది బరువు ఒక్కటే. పెలికన్ 1510 అనే హార్డ్ కేస్ ఫోమ్‌తో కలిపి 6 కిలోలు దాటుతుంది. క్యాబిన్‌లో 7 కిలోలే అనుమతించే మన దేశీయ విమానాల్లో దాన్ని చేతిలో తీసుకెళ్తే కెమెరాకి మిగిలేది కిలో కంటే తక్కువ. చెక్-ఇన్‌లో వేసినా ఎకానమీలో సాధారణంగా ఇచ్చే 15 కిలోల్లో పెద్ద వాటా అదే తినేస్తుంది. అందుకే మేం ఊరూరా తిరిగేటప్పుడు బాడీలు, ముఖ్యమైన లెన్సులు, మెమరీ కార్డులు తేలికపాటి బ్యాక్‌ప్యాక్‌లో మా దగ్గరే పెట్టుకుంటాం. ముహూర్తం మన బ్యాగ్ కోసం ఆగదు, పగలకుండా ఒక రోజు ఆలస్యంగా వచ్చినా మనకి నష్టం నష్టమే. స్టాండ్లు, ట్రైపాడ్, సాఫ్ట్‌బాక్సులు చెక్-ఇన్‌కి వెళ్తాయి, వాటి చుట్టూ బట్టలు కుక్కండి, తప్పులేదు. లైట్లు, గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే పరికరం), బ్యాటరీ తీసేసిన డ్రోన్ లాంటివి చెక్-ఇన్ చేయక తప్పనప్పుడు, ముఖ్యంగా అమెరికా ప్రయాణాలకి 23 కిలోల పెట్టెలు రెండు ఇచ్చేచోట, హార్డ్ కేస్‌కి పెట్టిన డబ్బు వృథా కాదు. బరువు తగ్గాలంటే పెలికన్ ఎయిర్ 1535 ఫోమ్ లేకుండా 4 కిలోల లోపే ఉంటుంది.

కొనేటప్పుడు చక్రాలు చూడండి. బయటికి పొడుచుకొచ్చిన నాలుగు చక్రాల కంటే పెట్టె ఒంట్లోకి దిగి ఉన్న రెండు చక్రాలే ఎక్కువ కాలం నిలుస్తాయి, అవి రివెట్లతో కాకుండా స్క్రూలతో బిగించి ఉంటే విరిగినా మార్చుకోవచ్చు. నీళ్లు చొరబడని కేస్ అయితే గాలి వాల్వ్ తప్పనిసరి. అది లేకపోతే పైన తక్కువ ఒత్తిడిలో ఉన్న గాలి లోపలే ఉండిపోయి, దిగాక మూత బిగుసుకుపోతుంది.

ఇక టీఎస్ఏ లాక్. అది అమెరికా భద్రతా సిబ్బంది తాళం పగలగొట్టకుండా తమ మాస్టర్ కీతో తెరవడానికి చేసింది, దొంగల్ని ఆపడానికి కాదు. ఆ మాస్టర్ కీల ఫొటో 2014లో ఒక అమెరికా పత్రికలో పడింది, 2015కల్లా 3డీ ప్రింటర్‌తో తయారు చేసుకునే ఫైళ్లు ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి. పైగా మామూలు జిప్పుని బాల్‌పెన్ మొనతో చీల్చి తెరిచి, రన్నర్లని అటూ ఇటూ లాగి మళ్లీ మూసేయొచ్చు. జిప్పు పెట్టెకి తాళం వేస్తే తాళం వేసి గొళ్లెం మరిచినట్టే. జిప్పు లేకుండా క్లిప్పులు, తాళం కన్నాలు ఉన్న కేస్‌తో ఆ బాధ లేదు.

ఫ్రాజైల్ స్టిక్కర్ గురించి ఎక్కువ చెప్పను. వేయించుకోండి, కానీ దాన్ని నమ్మి ఏదీ లోపల పెట్టకండి. కౌంటర్‌లో ఒక్కోసారి "లిమిటెడ్ రిలీజ్" ట్యాగ్ మీద సంతకం అడుగుతారు, అంటే ఆ వస్తువు పాడైతే తమ బాధ్యత ఉండదని మీతో ఒప్పించుకుంటున్నారన్నమాట.

చివరిది, "పోతే వాళ్లే కడతారు." అంతర్జాతీయ ప్రయాణాల్లో విమాన ప్రయాణాల్లో నష్టపరిహారాన్ని తేల్చే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఒక ప్రయాణికుడి సామాను మొత్తానికి గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ లెక్కల్లో వాడే ప్రమాణం), అంటే సుమారు రూ.1.8 లక్షలు. కెమెరా కంపెనీ సొంత 70-200 ఎఫ్2.8 లెన్స్ ఒక్కటే అంతకు మించుతుంది. దేశీయ ప్రయాణాల్లో పరిమితి ఇంకా చాలా తక్కువ, పైగా చాలా ఎయిర్‌లైన్స్ నిబంధనల్లో చెక్-ఇన్‌లో పెట్టిన కెమెరాలకి బాధ్యత లేదని రాసే ఉంటుంది. గేర్‌కి విడిగా ఇన్సూరెన్స్ తీసుకోండి, చెక్-ఇన్‌లో వేసినవి కూడా కవర్ అవుతాయో లేదో పాలసీలో చదవండి. సీరియల్ నంబర్లు, సర్దిన పెట్టె ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. పెట్టె దెబ్బతిని వస్తే ఎయిర్‌పోర్టు దాటకముందే కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి దాని కాపీ తీసుకోండి. ఇంటికొచ్చాక లోపల ఏదైనా పాడైనట్టు తెలిసినా, అంతర్జాతీయ ప్రయాణమైతే సామాను అందిన 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆ గడువు దాటితే అడిగే హక్కు పోతుంది.