కొండ ఉంది, కథ చెప్పే మనిషేడీ?

మొన్నటి ఆదివారం అనకాపల్లి దగ్గర బౌద్ధ గుహలున్న బొజ్జన్నకొండ మెట్ల మీద ఒక కుటుంబం ఎదురైంది. గాజువాక నుంచి వచ్చారట. తల్లీ తండ్రీ, ఒక బామ్మ, ఇద్దరు పిల్లలు. ఎండలో మెట్లెక్కారు, గుహలోకి తొంగి చూశారు, ద్వారం పక్కన నిలబడి ఫొటోలు దిగారు. పావుగంటలో అంతా అయిపోయింది. దిగుతూ ఎనిమిదేళ్ళ పిల్ల అడిగింది: "ఇంతేనేటి నాన్నా?" తండ్రి ఏమీ చెప్పలేకపోయాడు. వారమంతా డ్యూటీ చేసి, ఒక్క సెలవు రోజున పిల్లల్ని బండెక్కించుకుని అంత దూరం వచ్చిన మనిషి ఆయన. ఆ జవాబు ఆయన దగ్గర ఉండాలని అడగడం అన్యాయం. అది చెప్పే మనిషి అక్కడ ఉండాలి. లేడు.

విశాఖ చుట్టుపక్కల విహారం అనగానే చర్చ ఎటు పోతుందో అందరికీ తెలుసు. రోప్‌వేలు, అద్దాల వంతెనలు, రిసార్టులు, అరకు ఘాట్ రోడ్డు మీద ట్రాఫిక్. ప్రభుత్వాలు మారినా ఈ జాబితా మారదు. నా వాదన వేరు. మనకు గంట, గంటన్నర దూరంలో ఉన్న చిన్న చిన్న చోట్లకు కొత్త కట్టడాలు అక్కర్లేదు. ఉన్నదాన్ని చూపించి, కూర్చోబెట్టి కథ చెప్పే మనిషి కావాలి. ఆ ఒక్క మనిషి లేకపోవడం వల్లే మన జనం ఆదివారం పూట మళ్ళీ మళ్ళీ మాల్‌కే వెళ్తున్నారు.

రుజువు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, బీచ్ రోడ్డులోనే ఉంది. ఐఎన్‌ఎస్ కురుసుర అనే జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విరమించింది, 2002 నుంచి ఇసుక మీద మ్యూజియంగా నిలబడింది. ఆలోచిస్తే లోపల ఏముంది? తొంభై ఒక్క మీటర్ల ఇనుప గొట్టం, దాని నిండా మీటర్లు, మరలు, ఇరుకు పడకలు. అయినా ఇన్నేళ్ళలో అందులోంచి బయటికొచ్చి "ఇంతేనా" అన్న పిల్లను నేను చూడలేదు. ఎందుకంటే అక్కడ వివరించేవాళ్ళు నౌకాదళంలో పనిచేసి విరమించినవాళ్ళు. డెబ్బై అయిదు మంది ఆ ఇరుకులో ఎలా పడుకునేవారో, స్నానానికి నీళ్ళు లేక ఎలా గడిపేవారో, 1971 యుద్ధంలో ఈ జలాంతర్గామి గస్తీకి ఎలా వెళ్ళిందో ఒక మనిషి నోటితో చెబుతాడు. ఇనుముకు ఊపిరి వస్తుంది.

అదే రోడ్డులో, పాత డచ్చి బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియానికి రండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరి మీద బాంబులు వేసినప్పుడు పేలకుండా మిగిలిన ఒక బాంబు అక్కడ ఉంది. చాలామంది దాన్ని చూసి ముందుకు నడిచిపోతారు. నేను నిలబడిపోతాను. ఆ రోజుల్లో ఊరు ఊరంతా ఖాళీ అయిపోయిందని, చంకలో పిల్లను పెట్టుకుని ఎడ్లబండి మీద విజయనగరం వైపు పోయామని మా నాయనమ్మ చెప్పేది. ఆ చంకలో పిల్ల మా పెద్దత్త. ఆ మాట విన్నాను కాబట్టే నాకు ఆ ఇనుపముక్క అంటే గుండె దడ. వినని పిల్లకు అది తుప్పు పట్టిన డబ్బా.

ఇప్పుడు బొజ్జన్నకొండ సంగతి. నా వాదనకు ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఈ జిల్లాల్లో లేదు.

అనకాపల్లికి ఆనుకుని ఉన్న ఆ ఊరి పేరు శంకరం. సంఘారామం అన్న మాటే అలా మారింది. బౌద్ధ భిక్షువులు ఉండే చోటు సంఘారామం. బుద్ధుని కొండే జనం నోళ్ళలో నలిగి బొజ్జన్నకొండ అయిందంటారు. పక్క కొండ మీద రాతిని తొలిచిన చిన్న చిన్న స్తూపాలు వరుసలు వరుసలుగా ఉంటాయి. అవేమిటో చెప్పేవాళ్ళు పోయాక జనానికి అవి శివలింగాల్లా కనిపించాయి, అది లింగాలకొండ అయింది. భీమిలి దారిలో సముద్రానికి ఎదురుగా ఉన్న కొండ మీద భిక్షువులు నీటి కోసం రాతిలో తొట్లు తొలిచారు. భిక్షువులు పోయారు, తొట్లు మిగిలాయి. తొట్లకొండ అయింది. ఇంకొక కొండ మీద బావులు మిగిలాయి. బావికొండ అయింది. పేర్లన్నీ ఒకసారి వరసగా చదవండి. చివరి మూడింటికీ కళ్ళకు కనిపించిన వస్తువే పేరైంది. ఎవరు ఉన్నారు, ఎందుకు వచ్చారు, ఏం నమ్మారు అన్నది ఒక్క పేరులోనూ నేరుగా మిగల్లేదు. వందల ఏళ్ళ కథ తెగిపోతే ఊళ్ళో జనం దానికి వాళ్ళకు తోచిన పేరు పెట్టుకున్నారు. తప్పు వాళ్ళది కాదు.

పేరుతో ఆగినా బాగుండేది. ప్రతి కనుమ నాడూ చుట్టుపక్కల పల్లెల నుంచి వేలాది జనం బొజ్జన్నకొండకు వస్తారు. అక్కడ పొట్టలా ఉబ్బెత్తుగా ఉన్న ఆకారాన్ని రాక్షసుడనుకుని రాళ్ళు రువ్వడం ఒక ఆనవాయితీగా ఉండేది. పాత కట్టడాల్ని కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్ళు కల్పించుకుని, జనానికి నచ్చజెప్పాకే అది ఆగింది. ఒక్కసారి ఆలోచించండి. శాంతి చెప్పినవాడి కొండ మీద, పండగ పూట, పిల్లాపాపలతో వచ్చిన మంచి మనుషులే రాళ్ళు వేశారు. అక్కడికి రోడ్డుంది, మెట్లున్నాయి, ఏ పర్యాటక శాఖా కోరుకోనంత జనం ఉన్నారు. కథ చెప్పేవాడు ఒక్కడే లేడు. రాళ్ళు ఆగింది కంచె వల్ల కాదు, ఎవరో నిలబడి ఇది రాక్షసుడు కాదు నాయనా అని చెప్పడం వల్ల. జనం రావడమే పర్యాటకం అనుకునేవాళ్ళు ఈ ఒక్క ఉదాహరణకు జవాబు చెప్పాలి.

ఆ కొండ మీద చెప్పడానికి ఎంత ఉందో! పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ 1907 ప్రాంతంలో అక్కడ తవ్వితే గుప్త చక్రవర్తి సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికింది, చాళుక్య రాజు విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. పదహారు స్తంభాల గుహ మధ్యలో ఉన్న స్తూపాన్ని ఎక్కడి నుంచో తెచ్చి పెట్టలేదు, కొండ రాయినే చుట్టూ చెక్కి అలా వదిలారు. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, గాజువాక పిల్ల వెనక్కి పరిగెత్తి మళ్ళీ ఆ గుహలో దూరేది.

ముందు మరుగుదొడ్లు, మంచినీళ్ళు, నీడ, తిరుగు బస్సు చూడండి, కథలు తర్వాత అనేవాళ్ళున్నారు. పెద్ద ప్రాజెక్టులు వస్తేనే బయటివాళ్ళు వస్తారు, నలుగురికి పని దొరుకుతుంది అనేవాళ్ళూ ఉన్నారు. మొదటి మాట నిజం. ఆడవాళ్ళు రోజంతా గడపలేని చోటును చూడదగ్గ చోటు అనకూడదు. రెండో మాటతోనే నాకు పేచీ. బయటివాడు ఒకసారి వచ్చి పోతాడు. ఏడాదికి నాలుగుసార్లు వచ్చేది ఊరివాడే, జీళ్ళ దగ్గరా సోడా బండి దగ్గరా ఆగేదీ వాడే. ఆ చోటుకు ఆపద వస్తే అరిచేదీ వాడే.

ఆపద అన్నాను కాబట్టి ఎర్రమట్టి దిబ్బల మాట. మన రైల్వేస్టేషన్లో 900కె బస్సు ఎక్కితే సముద్రం పక్కనే భీమిలి దాకా పోవచ్చు. దారిలోనే ఆ దిబ్బలు. గాలి, అల, వాన కలిసి వేల ఏళ్ళుగా పేర్చి కోసిన ఇసుక అది. జియోలాజికల్ సర్వే దాన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2024లో అక్కడ నేల చదును చేసే యంత్రాలు కనిపించినప్పుడు గొంతెత్తినవాళ్ళెవరు? ఆ దిబ్బల్లో నడిచినవాళ్ళు. భూగర్భ శాస్త్రం మేష్టారి వెనక ఎప్పుడో ఒక పూట తిరిగి, ఇది ఎలా ఏర్పడిందో విన్నవాళ్ళు. సినిమా పాటలో చూసి ఊరుకున్నవాళ్ళు కదల్లేదు.

లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాక చూడండి. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్ళో బొమ్మ కొనుక్కుని వచ్చేయడానికి పది నిమిషాలు చాలు. కానీ పనివాడు తీరిగ్గా ఉన్నప్పుడు అడిగితే అంకుడు కర్ర చేతికిస్తాడు, ఎంత తేలికో చూడమంటాడు. మర మీద తిరుగుతున్న కొయ్యకు లక్క ఆనిస్తే రాపిడి వేడికి రంగు కరిగి ఎలా పట్టుకుంటుందో చూపిస్తాడు. గింజల నుంచి, బెరళ్ళ నుంచి రంగు తీసే పద్ధతికి ప్రాణం పోసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చిందని గర్వంగా చెబుతాడు. ఆ తర్వాత మా అక్క కూతురు ప్లాస్టిక్ బొమ్మ అడగడం మానేసిందని చెప్పను గానీ, లక్కపిడతలు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా దాచుకుంది. కొండకర్ల ఆవ అనే పెద్ద చెరువులో తాటి దోనె నడిపేవాడి దగ్గరా ఇలాంటి కబుర్లే ఉంటాయి. అడిగేవాళ్ళు తక్కువ, అంతే.

ఇంకొక మాట చాలా ఏళ్ళుగా నా కడుపులో ఉంది. ఉత్తరాంధ్ర అనగానే ముందు "వెనుకబడిన" అని చేర్చడం అలవాటైపోయింది. వేదికల మీద మన నాయకులూ అంటారు, మన పిల్లలూ పరీక్షల్లో రాస్తారు. తొట్లకొండ తవ్వకాల్లో రోము వెండి నాణేలు దొరికాయి. అంటే సముద్రానికి అవతల నుంచి వచ్చిన డబ్బు మన కొండ మీద చేతులు మారింది. 1794లో పద్మనాభం దగ్గర విజయనగరం రాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి నేలకొరిగాడు. భీమిలి 1861కే మునిసిపాలిటీ. గురజాడ కూర్చుని రాసుకున్న ఇల్లు విజయనగరంలో ఉంది, ఎవరైనా వెళ్ళొచ్చు. ఇవన్నీ ఆదివారం ఉదయం బయల్దేరి దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరే దూరంలోనే ఉన్నాయి. ఇవి తెలిసిన పిల్ల తన ఊరు వెనుకబడిందని రాయడానికి ముందు ఒక్క క్షణం ఆగుతుంది. ఢిల్లీ, ఆగ్రా కట్టడాల పేర్లు కంఠతా వచ్చిన పిల్లకు శంకరం ఎక్కడుందో తెలియకపోవడం బడి తప్పు, ఇంటి తప్పు, మన పత్రికల తప్పు కూడా.

డబ్బు లేదంటారా? ఒక అద్దాల వంతెన ఖర్చుతో ఇలాంటి చోట్లన్నిటా మనుషుల్ని పెట్టి ఏళ్ళ తరబడి జీతాలివ్వొచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివే పిల్లలున్నారు, అనకాపల్లి, భీమిలి కాలేజీల్లో డిగ్రీ చదువుతూ ఆదివారం పూట ఖాళీగా ఉన్నవాళ్ళున్నారు, విరమించిన మేష్టార్లున్నారు. నెల రోజులు శిక్షణ ఇచ్చి, రోజు కూలీ కాకుండా గౌరవంగా బతికే జీతం ఇచ్చి, మన యాసలోనే చెప్పమనండి. "ఏటిది?" అని అడిగినవాళ్ళకు విసుక్కోకుండా జవాబు చెప్పాలి. అదొక్కటే అర్హత.

దీనికోసం ప్రభుత్వ ఉత్తర్వు వచ్చేదాకా నేను ఆగను. వచ్చే కనుమకు మా వీధి నుంచి రెండు ఆటోలు బొజ్జన్నకొండకు బయల్దేరతాయి. చరిత్ర చెప్పి విరమించిన మేష్టారొకరు మాతో వస్తానన్నారు. గుహ ముందు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుంటారు. వచ్చినవాళ్ళు అడగొచ్చు.