అనలాగ్ మీద బెంగ సరే, అటక మీద క్యాసెట్ల సంగతేంటి?

నెల్లూరులో పాట రికార్డు చేయించుకోవాలంటే ఇప్పుడు మద్రాసు రైలెక్కే పనిలేదు. గోడలకు ఫోమ్ అతికించిన చిన్న గది, ల్యాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు ఉంటే సరిపోతుంది. అయ్యప్ప భజనలు, ఎన్నికల ప్రచార పాటలు, యూట్యూబ్ జానపదాలు నెల్లూరు, ఒంగోలు వీధుల్లోనే తయారవుతున్నాయి. తమాషా ఏమిటంటే, అదే ల్యాప్‌టాప్‌లో పాత టేపు సుయ్‌మనే చప్పుడునూ, వాల్వు యాంప్లిఫయర్ గరగరనూ అనుకరించే ప్లగిన్లు కూడా ఉంటాయి. మచ్చ లేకుండా రికార్డు చేసి, ఆపైన డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌తో దానికి మచ్చలు పెడుతున్నారన్నమాట. ఎందుకంటే తీసేవాళ్లదీ వినేవాళ్లదీ ఒకటే మాట: ‘పాత పాటల్లో ఉండే ఆ సౌండు ఇప్పుడు యాడుందబ్బా?’

ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం. పాత రికార్డింగుల్లో మనసుకు పట్టేదేదో ఉంది. కాకపోతే నింద పడాల్సిన చోట పడటం లేదు. శబ్దపు అలను అలగానే టేపు మీదో, ప్లేటు మీదో పట్టే పాత పద్ధతి అనలాగ్; దాన్ని అంకెలుగా మార్చి దాచేది డిజిటల్. డిజిటల్ వచ్చి శబ్దంలో జీవం తీసేసిందన్న వాదన సాంకేతికంగా నిలబడదు. పైగా ఆ వాదనలో పడి, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కళ్లముందే పోతున్న అనలాగ్‌ను ఎవరూ పట్టించుకోవడం లేదన్నది నా ఫిర్యాదు.

ముందు టేపు సౌండులో అందరూ మెచ్చుకునే ఆ నిండుతనం ఏమిటో చూద్దాం. టేపు మీద ఐరన్ ఆక్సైడ్ లాంటి పూత ఉంటుంది. వచ్చే సిగ్నల్‌ను బట్టి అందులోని కణాలు అయస్కాంతాలవుతాయి. సిగ్నల్ ఒక హద్దు దాటితే అవి పట్టలేవు. అయితే ఒక్కసారిగా చేతులెత్తేయవు, క్రమంగా లొంగుతాయి. గాయకుడు తారాస్థాయి అందుకుని గొంతు విప్పినప్పుడు ఆ శిఖరం మొన మెత్తగా అణుగుతుంది. అసలు పాటలో లేని అనుస్వరాలు, ముఖ్యంగా మూల స్వరానికి మూడింతల వేగంతో కంపించే మూడో హార్మోనిక్, కొత్తగా వచ్చి చేరతాయి. పై శబ్దాల పదును కొంచెం తగ్గి, కింది శబ్దాలు కొంచెం ఉబ్బుతాయి. చెవికి హాయిగానే ఉంటుంది. ఇంజినీర్లు మాత్రం దాన్ని డిస్టార్షన్ అంటారు. డిజిటల్‌కు ఈ మొహమాటం లేదు. అది పట్టగలిగే గరిష్ఠ స్థాయి అయిన సున్నా డెసిబెళ్ల గీత దాటిందా, శిఖరం అడ్డంగా తెగి చిటపటమంటుంది. టేపు అలవాటుతో లెవెల్ పైపైకి తోసేవాళ్లకు డిజిటల్ కర్కశంగా తోచడానికి అదొక కారణం.

ఎల్పీ రికార్డు సంగతీ అంతే. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఆ ప్లేటు అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు పరిగెడుతుంది. మధ్య లేబులు దగ్గరకొచ్చేసరికి అది 20 సెంటీమీటర్ల చిల్లరకు పడిపోతుంది. అక్కడ పై శబ్దాలు నలిగిపోతాయి. అందుకే గట్టిగా మోగే పాటను చివర వేయకుండా చూసుకునేవారు. మంద్ర శబ్దాలను ఉన్నవి ఉన్నట్టు చెక్కితే గాడి మరీ వెడల్పవుతుంది, ముల్లు ఎగిరిపోతుంది కూడా. కనుక చెక్కేటప్పుడు వాటిని తగ్గించి, వినిపించేటప్పుడు యాంప్లిఫయర్‌లో అంతకంత పెంచుతారు. అనలాగ్ అంటే ఎవరి చెయ్యీ పడని సహజ శబ్దం అనుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

డిజిటల్ మీద ఉన్న పెద్ద అపోహ, అది శబ్దాన్ని ముక్కలు చేస్తుందని, ఆ ముక్కల మధ్య ఉన్నదంతా పోతుందని. 1982లో వచ్చిన సీడీ సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాసుకుంటుంది. కొలతకూ కొలతకూ మధ్య ఖాళీ ఉన్న మాట నిజం. కానీ చుక్కల ముగ్గులో చుక్కలు విడివిడిగా ఉన్నా వాటి చుట్టూ తిరిగే గీత ఎక్కడా తెగదు కదా. తేడా ఒక్కటే. అవే చుక్కలకు పది రకాల ముగ్గులు వేయొచ్చు. శబ్దం విషయంలో, కొలతల వేగంలో సగానికి లోపల ఉన్న ధ్వనులకు, ఆ చుక్కల గుండా పోయే గీత ఒకే ఒక్కటి సాధ్యమని శాస్త్రవేత్తలు నైక్విస్ట్, షానన్‌ల సిద్ధాంతం చెబుతుంది. మనిషి చెవి హద్దు సుమారు 20,000 హెర్ట్జ్. సీడీ హద్దు 22,050. స్పీకరుకు చేరేది మెట్లు మెట్లుగా ఉండే గీత కాదు, నున్నటి గీతే. మెల్లని శబ్దానికీ గట్టి శబ్దానికీ మధ్య సీడీకి 96 డెసిబెళ్ల ఎడం ఉంటే, ఎల్పీకి 60, 70 మధ్య, మామూలు క్యాసెట్‌కు 50 పైచిలుకు ఉంటుంది.

నమ్మకం చెవిని ఎంతగా నడిపిస్తుందో 2022లో అమెరికాలో బయటపడింది. మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ ఎల్పీలను అచ్చమైన అనలాగ్ అని నమ్మి అభిమానులు ఎక్కువ ధర పెట్టి కొనేవారు. 2011 నుంచీ వాటిలో చాలావాటి తయారీ మధ్యలో డిజిటల్ కాపీ ఒకటి ఉందని ఆ ఏడాది తేలింది. ఆ గుట్టును పట్టించింది తేడా ఇట్టే పట్టేస్తామనేవాళ్ల ‘బంగారు చెవులేమీ’ కాదు. ఒక రికార్డుల దుకాణదారు పెట్టిన వీడియోతో రట్టయింది. ఆ తర్వాత గొడవ కోర్టుకెక్కింది.

మరి పాత పాటలో ఉండి కొత్త పాటలో లేనిదేమిటి? నా లెక్కన అది పని పద్ధతి. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో హరికథా విద్వాంసుడు సాంబమూర్తి గారింట పెరిగిన బాలసుబ్రహ్మణ్యం 1966 డిసెంబరులో మద్రాసులో తొలి సినిమా పాట పాడేనాటికి, గాయకులూ వాద్యబృందమూ ఒకే చోట చేరి ఒకే ఊపులో పాడటం, వాయించడం ఆనవాయితీ. వయొలిన్ ఒకటి తడబడితే అందరూ మళ్లీ మొదటికి రావాలి. అందుకని ముందే గట్టిగా సాధన చేసేవారు, ఒకరినొకరు వింటూ పాడేవారు. ఆ వినడమే టేపు మీదికి ఎక్కింది. అలాగని అనలాగ్ కాలమంతా తాపీగా సాగిందనుకోనక్కర్లేదు. అదే బాలు 1981లో బెంగళూరులో ఒక్కరోజులో 21 కన్నడ పాటలు రికార్డు చేశారని చెబుతారు. గాయకుడు ఒకనాడు, వాద్యాలు మరొకనాడు విడివిడిగా రికార్డు చేసే మల్టీట్రాక్ పద్ధతి కూడా టేపు రోజుల్లో వచ్చిందే. ఒకరి ముఖం ఒకరు చూడకుండా యుగళగీతం పాడటం కంప్యూటర్ నేర్పిన విద్య కాదు.

ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్ మీద కోపం కొంత న్యాయమైనదే. 1997లో దాన్ని తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూగర్భంలో చమురు జాడలు పట్టే సిగ్నళ్ల లెక్కలు చేసిన మనిషి. గొంతును దగ్గర్లోని స్వరస్థానానికి లాగి కట్టేయడం దాని పని. వేగం ఎక్కువ పెడితే గమకం చచ్చిపోతుంది. రెండు స్వరాల మధ్య జారే దారినంతా అది తప్పుగానే లెక్కగడుతుంది. మా వైపు కుర్ర ఇంజినీర్లు అన్నమయ్య కీర్తన మీద కూడా అదే ప్రీసెట్ వేసేస్తుంటే పళ్లు నూరుకోవాలనిపిస్తుంది. అయితే పన్నెండు మెట్ల మీద తప్ప నడవలేని వాద్యం మనకు కొత్తదా? గమకం పలకదనే హార్మోనియాన్ని ఆకాశవాణి 1940లో నిషేధించి, ఇంచుమించు మూడు దశాబ్దాలు దూరం పెట్టింది. ఆ ముప్పై ఏళ్లూ మన పద్యనాటకం హార్మోనియం లేకుండా ఒక్క రాత్రి గడవలేదు. మెట్ల పెట్టె పక్కనుండగానే నటుడి గొంతు మెట్ల మధ్య తిరిగేది. పనిముట్టు ఏదైనా దాన్ని ఎంతవరకు రానివ్వాలో తెలిసిన చెవి కావాలి.

పాటలన్నీ ఒకే గట్టిదనంతో చెవిలో అరుస్తున్నాయన్న ఫిర్యాదు కూడా నిజమే. 96 డెసిబెళ్ల జాగా చేతికొచ్చాక, అందులో పైనున్న కొద్ది డెసిబెళ్లలోనే పాటనంతా కుక్కడం మొదలుపెట్టారు. పక్క పాట కన్నా తమది గట్టిగా వినబడాలన్న పోటీ అది. ఇప్పుడు స్పాటిఫై, యూట్యూబ్ లాంటివి మరీ గట్టిగా ఉన్నదాన్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే గట్టిదనానికి కొలత) దగ్గరకు తగ్గించి వినిపిస్తున్నాయి కాబట్టి ఆ పోటీకి అర్థం లేదు. అయినా అలవాటు పోలేదు.

ఇక నా అసలు ఫిర్యాదుకు వస్తాను. కొత్త ఎల్పీ ఒక్కోటి వేల రూపాయలు పెట్టి కొంటున్నవాళ్లు అనలాగ్ అభిమానులే, కాదనను. కానీ నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు సంబంధించి అనలాగ్ అంటే ఎల్పీ కాదు, స్టూడియో టేపూ కాదు. అది క్యాసెట్. ఫిలిప్స్ 1963లో తెచ్చిన ఆ చిన్న పెట్టె, కువైట్ నుంచి వచ్చిన టూ ఇన్ వన్‌లతో (రేడియో, టేపు రికార్డర్ కలిసినవి) పాటు 1980ల్లో మన ఊళ్లకు చేరింది. పాటల లిస్టు రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చే షాపులు వెలిశాయి. అవన్నీ సినిమా పాటలు, మళ్లీ దొరుకుతాయి. దొరకనివి వేరే ఉన్నాయి. తిరునాళ్లలో, శ్రీరామనవమి పందిళ్లలో రాత్రంతా సాగిన పద్యనాటకాలు, హరికథలు, బుర్రకథలు ఎవరో అభిమాని టేపు రికార్డర్ పట్టుకెళ్లి తీసుకున్నవి.

శబ్దం నాణ్యత చూస్తే అవి చాలా నాసిరకం. మైక్‌సెట్ అతన్ని బతిమాలి యాంప్లిఫయర్ నుంచి వైరు లాక్కున్నవి కొంచెం మేలు. మైక్‌సెట్ హారన్ స్పీకరుకు ఎదురుగా కూర్చుని తీసినవాటిలో తబలా డగ్గా ఊసే ఉండదు, ఎందుకంటే హారన్ ఆ మంద్ర శబ్దాలను మోయలేదు. సీ90 క్యాసెట్ ఒక వైపు 45 నిమిషాలే కాబట్టి కాటి సీను పద్యం సరిగ్గా రాగం పైకెక్కేచోట తెగుతుంది. టేపు తిప్పి పెట్టేలోగా ఒక పాదం గాల్లో కలిసిపోతుంది. అయినా పాత గ్రామఫోన్ ప్లేట్లలో లేనిది వీటిలో ఉంది. 78 చుట్ల ప్లేటుకు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. మహానటులు సైతం పద్యాన్ని దానికి తగ్గట్టు కుదించి, రాగం కత్తిరించి ఇచ్చారు. నాటకం రాత్రి ఒక నటుడు నిజంగా ఎంతసేపు రాగం తీసేవాడో, వన్స్‌మోర్ పడ్డాక రెండోసారి దాన్ని ఎలా మార్చి పాడేవాడో, హార్మోనిస్టు అతన్ని ఎలా వెంటాడేవాడో తెలిసేది ఈ నాసిరకం క్యాసెట్లలోనే. క్యాసెట్ మనకు చేసిన మేలు నిండుతనం కాదు, చవకగా దొరికిన నిడివి.

ఆ నిడివి ఇప్పుడు పోతోంది. మన కోస్తా తేమకు టేపు మీద బూజు పడుతుంది. టేపును, దాన్ని చదివే హెడ్‌కు అదిమే స్పాంజి మెత్త ఊడిపోతుంది. అది పెద్ద సమస్య కాదు, మరలు విప్పే రకం ఖాళీ పెట్టెలోకి టేపును మార్చుకోవచ్చు. అసలు చిక్కు వినిపించే యంత్రంతోనే. మంచి క్యాసెట్ డెక్కులు తయారు చేయడం మానేశారు. ఉన్నవాటిని బాగుచేయగలిగిన మెకానిక్కులు రేడియో షాపులు మూసి సెల్‌ఫోన్ల వైపు వెళ్లిపోయారు.

కనుక ఇక్కడ అనలాగ్‌కు డిజిటల్ శత్రువు కాదు. దాన్ని కాపాడగలిగింది అదొక్కటే. అయితే మోగుతున్న టేపు దగ్గర ఫోను పెట్టి రికార్డు చేసి వాట్సాప్‌లో పంపడం కాపాడటం కాదు. ధ్వని పత్రాలయాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ సూచించేది కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు. వీలైతే 96 కిలోహెర్ట్జ్. ఆ లెక్కన గంట క్యాసెట్ రెండు గిగాబైట్ల చిల్లర అవుతుంది, ఒక టెరాబైట్ డిస్కులో 480 గంటలు పడతాయి. ఒక్కో క్యాసెట్‌కూ హెడ్ పక్కనున్న మరను తిప్పి, పై శబ్దాలు తేటగా వచ్చే కోణం దొరికాకే ఎక్కించాలి. ఆ ఒక్క పని ఎగ్గొడితే సగం తాళాల చప్పుడు పోయినట్టే.

సుయ్‌మనే చప్పుడు వెంటనే తీసేయాలన్న ఆత్రమూ వద్దు. శుభ్రం చేసేది ఏదైనా రెండో కాపీ మీదే చేయాలి. గుయ్‌మనే కరెంటు శబ్దం కూడా పనికొచ్చేదే. అది 50 హెర్ట్జ్ ఉండాల్సింది 52 దగ్గర ఉంటే, రికార్డు చేసిననాడు బ్యాటరీ నీరసించి టేపు మెల్లగా నడిచిందని, ఇప్పుడు వేగంగా మోగుతోందని అర్థం. కాకపోతే ఆ రోజుల్లో మన గ్రిడ్ కూడా 50 దగ్గర కుదురుగా నిలిచేది కాదు, దాన్ని పూర్తిగా నమ్మలేం. అంతకన్నా నమ్మదగిన ఆధారం హార్మోనియమే. ఆ నటుడు ఏ శ్రుతిలో పాడేవాడో తెలిసిన హార్మోనిస్టు పక్కన కూర్చుంటే వేగం ఇట్టే సరిచేయొచ్చు.

నెల్లూరులో బాలు పేరు పెట్టుకున్న ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ఉంది. రెండు బాగుచేసిన డెక్కులు, ఒక కంప్యూటర్, ఒక గది అక్కడ ఏర్పాటు చేయడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. ఒక కాపీ నెల్లూరులో, ఇంకొకటి ఒంగోలులో ఉంచొచ్చు. అంతకుముందే జరగాల్సిన పని ఒకటుంది. ఈ క్యాసెట్లలో చాలావాటి మీద ‘నాటకం 2’ అనో, ‘మామయ్య ఊరు’ అనో తప్ప ఏమీ రాసి ఉండదు. ఆ గొంతు ఎవరిదో, హార్మోనియం ఎవరు వాయించారో, అది ఏ ఊరి తిరునాళ్లో చెప్పగలిగినవాళ్లు పాత హార్మోనిస్టులు, మైక్‌సెట్ యజమానులు, వేషం కట్టిన మనుషులు. వాళ్లలో చాలామంది డెబ్బై దాటారు. టేపు ఇంకో పదేళ్లు ఆగినా ఆగుతుంది కాబట్టి, డెక్కులు దొరికేదాకా ఎదురుచూడకుండా ముందు వాళ్లింటికి వెళ్లి రాసుకోవాలి.