కీలెరిగి వాత

(అక్క ఉద్యోగులకు ఉద్వేగ ప్రజ్ఞ మీద శిక్షణ ఇస్తుంది. తమ్ముడు ఒక భాగస్వామిని రెండేళ్లు నమ్మి, నిండా మునిగి, ఈ మధ్యే తేరుకుంటున్నాడు. నేను అక్క పక్షమని ముందే చెప్పేస్తున్నాను. అలాగని తమ్ముణ్ణి ఉత్త చేతులతో నిలబెట్టలేదు.)

తమ్ముడు: నువ్వు కత్తులు నూరి పంచిపెడుతున్నావక్కా. ఎవరి చేతికిస్తున్నావో చూసుకోవడం లేదు.

అక్క: కత్తులేంట్రా? ఎదుటివాడి ముఖం చూసి మనసు గ్రహించడం, మన కోపాన్ని మనం పట్టుకోవడం. 1990లో సాలొవీ, మేయర్ అనే ఇద్దరు దీనికి నిర్వచనం రాశారు. అప్పట్నుంచీ ఇది ఎక్కడైనా చెప్పే పాఠమే.

తమ్ముడు: ఆ పాఠం బాగా వచ్చినవాడే నన్ను ముంచాడు. నేనెప్పుడు అలసిపోయి ఉంటానో వాడికి తెలుసు. సంతకం పెట్టాల్సిన కాగితం ఆ పూటే తెచ్చేవాడు. నాకు అనుమానం రాబోతోందని నాకంటే ముందే కనిపెట్టేవాడు, ఆ రోజు వాడి కళ్లలో నీళ్లుండేవి. కీలెరిగి వాత పెట్టడమంటే అదే. అది ప్రజ్ఞ కాకపోతే మరేంటి?

అక్క: ఆ సామెతను తిరగేసి వాడుతున్నావు. వాత పెట్టడం వైద్యంరా. కీలు తెలిసి పెడితే నొప్పి పోతుంది.

తమ్ముడు: ఇప్పుడెవరు ఆ అర్థంలో వాడుతున్నారు? సూటిగా తగిలేలా దెబ్బ కొట్టినవాణ్ణే అంటారు, ‘భలే కీలెరిగి వాత పెట్టాడు’ అని.

అక్క: అంటారు. మెచ్చుకుంటూ అంటారు చూశావా? నా గొడవంతా ఆ మెచ్చుకోలుతోనే.

తమ్ముడు: మాట మార్చకు.

అక్క: మార్చడం లేదు. విను. 2002లో పాల్హస్, విలియమ్స్ అనే వాళ్లు మూడు స్వభావాల్ని కలిపి ‘చీకటి త్రయం’ అన్నారు. తనంతటివాడు లేడనుకునే నార్సిసిజం, మనుషుల్ని పావుల్లా కదిపే మాకియవెల్లియనిజం, జాలీ బెరుకూ లేని సైకోపతి. ఇలాంటివాళ్లు మనసులు చదవడంలో ఘనులని లోకం నమ్మకం. 2007లో ఆస్టిన్ బృందం కొలిచి చూసింది. మాకియవెల్లి గుణం ఎక్కువున్నవాళ్లలో ఉద్వేగ ప్రజ్ఞ తక్కువగా తేలింది. ‘నేను మనుషుల్ని ఆడించగలను’ అని చెప్పుకోవడం మాత్రం వాళ్లలో ఎక్కువ.

తమ్ముడు: ప్రశ్నపత్రం ఇస్తే మోసగాడు నిజం రాస్తాడా?

అక్క: మంచి ప్రశ్నే. అందుకే రెండు రకాలుగా కొలిచారు. తన గురించి తాను చెప్పుకున్నది ఒకటి, పరీక్షలో చేసి చూపించింది ఒకటి. రెండిట్లోనూ తక్కువే. సంఘవిరోధ స్వభావం ఉన్నవాళ్ల మీద జరిగిన ఇరవై అధ్యయనాల్ని 2008లో మార్ష్, బ్లెయిర్ కలిపి చూశారు. ఎదుటి ముఖంలో భయాన్ని గుర్తుపట్టడంలోనే వాళ్లు బాగా వెనకబడ్డారు. భయం కనబడనివాణ్ణి పట్టుకుని మనసు చదివేశాడంటావేం?

తమ్ముడు: నేనూ కొంచెం చదువుకునే వచ్చానక్కా. 2011లో కోటె బృందం ఏం చూసింది? ఉద్వేగాల్ని ఎలా అదుపు చెయ్యాలో తెలిసిన కొద్దీ, మాకియవెల్లి గుణం ఉన్నవాళ్లు తోటివాళ్లకు చేసే చెరుపు పెరిగింది. గుణం వాళ్లది, పాఠం నీది. సగటున వాళ్లకు ప్రజ్ఞ తక్కువేనేమో. నాకు తగిలింది సగటు మనిషి కాదుగా.

(అక్క కాసేపు మాట్లాడలేదు.)

అక్క: అదే పత్రంలో ఇంకో సగముంది. నీతిని తన గుర్తింపుగా చూసుకునేవాళ్లకు అదే తెలివి ఉంటే, మంచి చెయ్యడం పెరిగింది.

తమ్ముడు: కాదన్నానా? చేతిని బట్టే కత్తి. నేను మొదట అన్నమాట అదేగా.

అక్క: సరే, ఆ మాట నీకిచ్చేశాను.

తమ్ముడు: ఇంకోటి కూడా ఇవ్వాలి. నెదర్లాండ్స్‌లో సైకోపతి ఉన్న నేరస్థుల మెదళ్లను స్కాన్ చేశారు, ఆ అధ్యయనం 2013లో వచ్చింది. చేతిని నిమరడం, కొట్టడం లాంటి వీడియోలు ఊరికే చూపిస్తే వాళ్ల మెదడు మామూలు వాళ్లంత స్పందించలేదు. ‘ఆ మనిషికి ఎలా ఉందో నువ్వూ అనుభవించు’ అని చెప్పి చూపిస్తే, తేడా చాలావరకు తగ్గిపోయింది. అంటే చేతకాక కాదు. స్విచ్చు వాళ్ల చేతిలోనే ఉంది.

అక్క: ఎవరో చెబితే గానీ వేసుకోని స్విచ్చు అది. మనకు దాన్ని ఆర్పడం కష్టం, వాళ్లకు వేసుకోవడం పని. ఆ తేడా చిన్నదా?

తమ్ముడు: నాకు పెద్దగా తోచడం లేదు. పైగా నీ వాదం అసలు ఎక్కడికి పోతోందో చూశావా? వాడికి తెలివి లేదంటున్నావు. మరి తెలివిలేనివాడి చేతిలో రెండేళ్లు మోసపోయిన నేనేమిటి?

(ఇంతవరకు వచ్చిన లెక్కలన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. దీనికి జవాబు చెప్పలేకపోతే అక్క పక్షం వదిలేద్దామనుకున్నాను.)

అక్క: నిన్ను తెలివితక్కువవాడివి అనడం లేదురా. ఆలోచించు. నువ్వెప్పుడు అలసిపోతావో వాడు నీ ముఖంలో చదివాడా? నువ్వే చెప్పావు. రోజూ ఫోన్‌లో, ‘ఇవాళ నా వల్ల కావడం లేదు’ అని. నమ్మినవాడికి చెప్పుకుంటాం, అది తప్పు కాదు. వాడు చదివింది నీ మనసు కాదు, నువ్వు విప్పి పెట్టిన పుస్తకం. ఇంకో సంగతి. వాడు నీ ఒక్కడి మీదే ప్రయత్నించాడనుకుంటున్నావా? ఏడవడం, పొగడడం, తప్పు నీదేనని తిప్పికొట్టడం, ఈ మూడు పనిముట్లూ వచ్చిన ప్రతివాడి మీదా వేసి ఉంటాడు. పారనిచోట ఆ మనిషి ‘వీడెవడో తేడాగా ఉన్నాడు’ అనుకుని వెళ్లిపోయి ఉంటాడు, ఆ లెక్క నీకెవరూ చెప్పరు. పారినచోట నువ్వున్నావు కాబట్టి నీకు వాడు మాంత్రికుడిలా కనిపిస్తున్నాడు. ఎదుటివాడి బాధ మనకు తగలగానే మన చెయ్యి ఆగిపోతుంది, వాడిది ఆగదు. బ్రేకుల్లేని బండి దూసుకుపోతుంటే ఇంజను గొప్పదనుకుంటున్నాం. వాణ్ణి మేధావిని చేస్తే నీ ఓటమికి కాస్త గౌరవం దక్కుతుంది, నిజమే. కానీ ఆ గౌరవంతో పాటు భయం కూడా వస్తుంది. రేపు ఎవరైనా ‘భోంచేశావా’ అని అడిగినా, ‘ఎందుకడిగాడు’ అని లెక్కేస్తావు. ఇప్పటికే వేస్తున్నావు. పొద్దున నన్నూ అలాగే చూశావు.

తమ్ముడు: ...చూశాను.

అక్క: అదీ సంగతి.

తమ్ముడు: అయినా నీ క్లాసు నీకు అన్నం పెడుతోంది గనక ఈ వాదన నీకు తేలిక. మొదటి వరుసలో కూర్చుని శ్రద్ధగా రాసుకునేవాళ్లను ఎప్పుడైనా గమనించావా?

అక్క: క్రితంసారి ఒకడున్నాడు. ఎదుటివాడి బాధ గుర్తించే పాఠమంతా ఫోన్ చూసుకున్నాడు. కోపంగా ఉన్నవాణ్ణి చల్లబరిచే పాఠం మొదలవగానే పెన్ను తీశాడు. రెండు పేజీలు రాశాడు.

తమ్ముడు: ఏం చేశావు?

అక్క: ఏం చేస్తాను? సర్టిఫికెట్ ఇచ్చాను.