స్టూడియోలో చదువు లేదన్న మాటకు సమాధానం

చిత్రకళ, శిల్పం, ముద్రణ చిత్రాల వంటివాటిని విశ్వవిద్యాలయంలో, స్టూడియోలో పని చేస్తూ చదవడం దండగన్న సందేశం ఒకటి కొంతకాలంగా విస్తృతంగా చేతులు మారుతోంది. అందులోని మాటలు స్థూలంగా ఇవి: కళ పుట్టుకతో రావలసిందే తప్ప నేర్పితే వచ్చేది కాదు, వాన్ గో ఏ కళాశాలలో చదివాడు, మెళకువలన్నీ వీడియోల్లో ఉచితంగా దొరుకుతున్నాయి, స్టూడియోలో చదువంటూ ఏమీ జరగదు, మార్కులు అధ్యాపకుల ఇష్టాయిష్టాలను బట్టి పడతాయి, బయటికి వచ్చేవారంతా ఒకే అచ్చులో పోసినట్టు ఉంటారు, ఆ పట్టాతో బతుకుదెరువు లేదు. ఏం చదవాలో తేల్చుకోవలసిన వయసులో ఉన్నవారూ వారి తల్లిదండ్రులూ వీటిని నమ్మి నిర్ణయాలు తీసుకుంటున్నారు కనుక ఒక్కొక్క మాటనూ విడదీసి చూడడం అవసరమని భావిస్తున్నాను.

వాన్ గో సంగతి ముందుగా చూద్దాం, ఎందుకంటే అది ఎవరైనా సరిచూసుకోగల విషయం. 1880లో, 27వ ఏట చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్న వాన్ గో బ్రస్సెల్స్ అకాడమీలో చేరాడు. శార్ల్ బార్గ్ తయారుచేసిన అభ్యాస చిత్రాలను పదే పదే చూసి గీశాడు. హేగ్ నగరంలో, తన బంధువర్గంలోని చిత్రకారుడు ఆంటన్ మౌవ్ దగ్గర నీటిరంగులూ తైలవర్ణాలూ వాడడం నేర్చుకున్నాడు. 1886 ఆరంభంలో ఆంట్‌వెర్ప్ అకాడమీలో చేరాడు. అదే ఏడాది పారిస్ చేరుకుని ఫెర్నాన్ కోర్మాన్ స్టూడియోలో పనిచేశాడు, ఎమిల్ బెర్నార్, తులూజ్ లోత్రెక్‌లతో అతనికి పరిచయం కలిగింది అక్కడే. ఆంట్‌వెర్ప్‌లో అధ్యాపకులతో పొసగక త్వరగా బయటపడ్డాడన్నది నిజమే. అయితే చదువు నచ్చకపోవడం వేరు, చదువు అక్కర్లేదనుకోవడం వేరు. అక్కర్లేదనుకున్నవాడు ఆరేళ్ళలో ఇన్ని తలుపులు తట్టడు. కళాశాల గడప తొక్కకుండానే గొప్ప చిత్రకారులైనవారు లేరని నేను అనడం లేదు. ఫ్రాన్సిస్ బేకన్ అటువంటివాడే. కానీ అతడికి కూడా తైలవర్ణ చిత్రణలో దారి చూపడానికి, వయసులో తనకన్నా పెద్దవాడైన రాయ్ డి మేస్త్ర అనే చిత్రకారుడు ఉన్నాడు.

పుట్టుకతో రావాలన్న మాటలో కొంత నిజం ఉన్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే చేయి చురుగ్గా కదిలే పిల్లలను మనమందరం చూస్తూనే ఉంటాం. కానీ స్టూడియో చదువు మొదట చేతిని పట్టించుకోదు, కంటిని పట్టించుకుంటుంది. జోసెఫ్ ఆల్బర్స్ అనే అధ్యాపకుడు విద్యార్థుల చేత చేయించిన ఒక అభ్యాసం ఇందుకు మంచి నిదర్శనం. ఒకే రంగు కాగితం నుంచి రెండు చిన్న ముక్కలు కత్తిరించి, వాటిని రెండు వేర్వేరు రంగుల నేపథ్యాలపై పెట్టి, చూసేవారికి అవి రెండూ వేర్వేరు రంగులుగా అనిపించేటట్టు చేయాలి. వినడానికి తేలిక. చేయడానికి కూర్చుంటే, నేపథ్యపు రంగు ముక్కలోని ఏ ఛాయను వెనక్కు నెడుతుందో, దేన్ని ముందుకు తెస్తుందో తెలియక కాగితాల కుప్పలో గంటల తరబడి వెతకవలసి వస్తుంది. తీరా అమరిన తరువాత, రెండూ ఒకటేనని చెప్పినా పక్కవారు ఒప్పుకోరు. ముక్కలను తీసి పక్కపక్కన పెట్టి చూపవలసిందే. కంటికి కనబడిన రంగు ఆ వస్తువులోనే ఉందన్న నమ్మకం అప్పుడు సడలుతుంది. ఇది పుట్టుకతో ఎవరికీ రాదు. రంగుల పేర్లు వల్లె వేసినా రాదు. తన కన్ను తనను మోసగిస్తున్నదని స్వయంగా పట్టుకున్నవారికే వస్తుంది, ఆ పట్టుకునే అవకాశాన్ని వరుసగా, ఒక క్రమంలో కల్పించడమే బోధన.

వీడియోల విషయంలో నాకు విరోధమేమీ లేదు. కాన్వాస్‌ను చట్రానికి ఎలా బిగించాలో, కుంచెను ఎలా శుభ్రం చేయాలో చక్కగా చూపించేవి ఎన్నో ఉన్నాయి, విద్యార్థులు వాటిని చూడాలి కూడా. చిక్కు ఎక్కడంటే, వీడియో మనకు చూపిస్తుందే కాని మనం చేసినదాన్ని చూడదు. తైలవర్ణాల్లో పై పొరలో నూనె పాలు కింది పొరలోకన్నా ఎక్కువగా ఉండాలన్న నియమం అందరికీ నోటికి వస్తుంది. తైలవర్ణం నీరు ఇగిరిపోయినట్టు ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది, నూనె ఎక్కువైన పొర మరింత ఆలస్యంగా గట్టిపడుతుంది. అందువల్ల నూనె ఎక్కువున్న పొర కింద ఉండిపోయి, తక్కువున్నది పైన ముందుగా బిగుసుకుంటే, కింద కదలిక ఆగక పైపొర పగుళ్ళు బారుతుంది. ఆ పగులు చిత్రం వేసిన రోజున కనబడదు. విద్యార్థి గిన్నెలోని మిశ్రమాన్ని ఒక్కసారి చూసి “ఇది ఇప్పుడు వద్దు, వచ్చే పొరకు ఉంచు” అని చెప్పగలిగిన మనిషి ఆ సమయానికి గదిలో ఉండాలి.

లోహపు రేకు మీద గీసినదాన్ని కాగితంపై ముద్రించే ఎచింగ్ విషయంలో మనిషి ఒక్కడే చాలడు, గది కూడా కావాలి. రాగి రేకు మీద మైనపు పూత పూసి, సూదితో పూతను గీరి, రేకును ఆమ్ల గుణమున్న ద్రావణంలో ఉంచితే గీరినచోట లోహం తినబడుతుంది. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, అంత నలుపు. అయితే ద్రావణం పాతబడితే, చలికి చల్లబడితే ఆ కాలం మారిపోతుంది. నిన్న పది నిమిషాలకు వచ్చిన గీత ఈరోజు రాకపోవచ్చు. పొగలను బయటికి లాగే ఏర్పాటు, కాగితాన్ని తడిపే తొట్టి, రేకులోని సిరాను కాగితానికి ఎక్కించే రోలర్ యంత్రం, వీటన్నిటినీ సంబాళించే సాంకేతిక సహాయకుడు ఉన్నచోటనే ఈ విద్య భద్రంగా సాగుతుంది. వీటిని ఇంట్లో అమర్చుకొమ్మని ఒక యువకుడికి చెప్పడం బాధ్యతగల మాట కాదు.

స్టూడియోలో చదువంటూ ఏమీ జరగదన్న ఆరోపణ నన్ను ఎక్కువగా బాధిస్తుంది, ఎందుకంటే అది బయటినుంచి చూసేవారికి నిజంలాగే కనబడుతుంది. తలుపు తీసి చూస్తే ఒకరు గోడవైపు చూస్తూ నిలబడి ఉంటారు, ఇంకొకరు నిన్న అతికించినదాన్ని ఈరోజు పీకేస్తూ ఉంటారు, పాఠం చెబుతున్నవారెవరూ కనబడరు. అక్కడి చదువులో ప్రధానమైన ఘట్టం విమర్శ సమావేశం. విద్యార్థి పూర్తయినదాన్నో, సగంలో ఉన్నదాన్నో గోడకు తగిలిస్తాడు. చాలాచోట్ల మొదట అతడు నోరు విప్పకూడదు. తోటివారు తమకు ఏమి కనబడుతున్నదో చెబుతారు: బాగుంది, బాగోలేదు అని కాకుండా, చూపు ముందుగా ఎక్కడికి వెళ్ళింది, ఎక్కడ ఆగిపోయింది, ఏ భాగం మిగతావాటితో కలవడం లేదు అని. తాను దుఃఖాన్ని చిత్రించానని అనుకున్నవాడు, గదిలోని వారికి అది కేవలం చీకటి గదిగా మాత్రమే అందిందని వినవలసి వస్తుంది. ఇది కఠినమైన అనుభవమే, నిర్దయగా నడిపితే హాని చేసేదే. కానీ ఉద్దేశానికీ ఫలితానికీ మధ్య ఉన్న దూరాన్ని అంత స్పష్టంగా చూపే పద్ధతి మరొకటి నాకు తెలియదు. సమావేశం ముగిశాక, విన్న పది అభిప్రాయాల్లో ఏ రెండింటిని పట్టించుకోవాలో, ఏ ఎనిమిదింటిని వదిలేయాలో తేల్చుకునే పని విద్యార్థిదే. గోడవైపు చూస్తూ నిలబడిన ఆ మనిషి చేస్తున్నది సరిగ్గా ఆ పనే.

దీనికి తోడు కళాచరిత్ర, సిద్ధాంతం, రచన ఉంటాయి. బ్రిటన్‌లో 1960లో వెలువడిన కోల్డ్‌స్ట్రీమ్ నివేదిక తరువాత అక్కడి కళా విద్యలో కళాచరిత్ర తప్పనిసరి అయింది. ఈనాడు అనేక దేశాల్లో కళాసృష్టినే పరిశోధనగా సమర్పించి, దానితోపాటు సిద్ధాంత గ్రంథం రాసి డాక్టరేటు పొందే మార్గం కూడా ఉంది.

మార్కుల విషయానికి వస్తే, పక్షపాతం ఎక్కడా ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఇది సాహిత్య వ్యాసానికీ వర్తిస్తుంది. కానీ సక్రమంగా నడిచే శాఖల్లో ఒక్క చిత్రాన్ని చూసి మార్కులు వేయరు. స్కెచ్‌బుక్కులు, విఫలమైన ప్రయత్నాలు, పదార్థాలతో చేసిన ప్రయోగాలు, చివరి కృతులు, వాటి గురించి విద్యార్థి రాసుకున్నది, అన్నీ కలిపి చూస్తారు. ఇద్దరు ముగ్గురు పరీక్షకులు ముందే ప్రకటించిన ప్రమాణాల ప్రకారం విడివిడిగా నిర్ణయించి తరువాత చర్చించుకుంటారు. పరీక్షకుడికి నచ్చని చిత్రానికి మంచి మార్కులు రావడం అక్కడ అరుదైన విషయమేమీ కాదు.

అందరూ ఒకేలా తయారవుతారన్నదానికి చరిత్రే బదులు చెబుతుంది. పౌరాణిక ఘట్టాలను నగిషీ పనిలా నిండుగా చిత్రించిన గుస్తావ్ మోరో దగ్గర పారిస్‌లో చదివినవారు మతీస్, రువో, మార్కే. వారిలో ఏ ఒక్కరి పనీ గురువు పనిలా లేదు, ఒకరి పని మరొకరి పనిలానూ లేదు. పైన చెప్పిన ఆల్బర్స్ జీవితంలో రెండు దశాబ్దాలకు పైగా చతురస్రంలో చతురస్రాన్ని అమర్చిన చిత్రాలనే వేశాడు. ఆయన దగ్గర అమెరికాలోని బ్లాక్ మౌంటెన్ కళాశాలలో చదివిన రాబర్ట్ రాషెన్‌బర్గ్ పాత వస్తువులనూ ఛాయాచిత్రాలనూ రంగులతో కలిపి కృతులు చేశాడు, యేల్ విశ్వవిద్యాలయంలో చదివిన ఈవా హెస్ ఫైబర్‌గ్లాస్, లేటెక్స్ వంటి పదార్థాలతో శిల్పాలు చేసింది. ఒక కళాశాల నుంచి ఒకే రకం పని వస్తున్నదంటే అది ఆ కళాశాల లోపం. దాన్ని పేరుపెట్టి విమర్శించవచ్చు.

బతుకుదెరువు మాటలో మాత్రం పాక్షిక సత్యం ఉంది. చిత్రాలు అమ్ముకుని మాత్రమే జీవించగలిగేవారు కొద్దిమందే, ఈ పట్టా ఆ హామీ ఇవ్వదు, ఇస్తుందని ప్రచారం చేసే సంస్థలను నమ్మకూడదు. బోధన, పుస్తక చిత్రణ, ప్రదర్శనల ఏర్పాటు, మ్యూజియం పనులు, రంగస్థల రూపకల్పన వంటి దారుల్లో ఈ చదువు ఉపయోగపడుతుంది, అయితే అవి వెతుక్కుంటేనే దొరుకుతాయి. అందుకే చేరబోయేవారు ప్రకటనలను పక్కనపెట్టి శాఖకు స్వయంగా వెళ్ళి కొన్ని ప్రశ్నలు వేయాలి. ప్రతి విద్యార్థికీ ఏడాది పొడవునా తనదిగా ఉండే గోడ, బల్ల ఉన్నాయా, లేక గంటల లెక్కన పంచుకోవాలా? తరగతులు లేని వేళల్లో వర్క్‌షాపులు తెరిచి ఉంటాయా? మట్టి పనులను కాల్చే బట్టీని, ముద్రణ యంత్రాన్ని చూసుకునే సహాయకులు ఎందరు? అధ్యాపకులు ఇప్పటికీ తమ సొంత పని చేస్తున్నారా? గత సంవత్సరం చదువు పూర్తిచేసినవారి ప్రదర్శనను, వీలైతే వారి స్కెచ్‌బుక్కులతో సహా, చూడనిస్తారా?