సంజీవయ్య పేదరికం చాలు, ఆయన పని చెప్పండి

ఏటా ఫిబ్రవరి 14న, జయంతి నాడు, కర్నూలులో మాజీ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య విగ్రహానికి దండలు పడతాయి. వేదికెక్కిన ప్రతి వక్తా ఒకటే కథ చెబుతారు. పెద్దపాడులో చిన్న ఇల్లు, ఊహ తెలియకముందే తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు, కొడుకు ముఖ్యమంత్రి అయ్యాక కూడా మట్టికుండలో వండుకున్న తల్లి. విన్నవాళ్ల కళ్లు చెమరుస్తాయి. మంచి కథే, కాదనం. కానీ ఏళ్ల తరబడి దీన్నే చెప్పుకుంటూ ఆ మనిషి చేసిన పనిని పక్కన పడేశాం. సంజీవయ్య ఎంత పేదవాడో మన పిల్లలకు తెలుసు. ఎంత పనిమంతుడో తెలియదు. ఆయనకు ఇంతకు మించిన అన్యాయం లేదని మా అభిప్రాయం.

1921లో పుట్టిన సంజీవయ్య కర్నూలు మున్సిపల్ హైస్కూల్లో చదివారు. డిగ్రీకి అనంతపురం వెళ్లారు. 1916లో దత్తమండలాల కళాశాలగా మొదలై, నేడు ఆర్ట్స్ కాలేజీగా మనమంతా ఎరిగిన సర్కారు కళాశాల అది. డిగ్రీ చేతికొచ్చాక రేషనింగ్ ఆఫీసులో గుమాస్తాగా, బళ్లారిలో టీచరుగా పనిచేశారు. ఆ సంపాదనతో ఇల్లు గడిచేది, అంతే. అక్కడితో ఆగకుండా మద్రాసు లా కాలేజీలో చేరారు. 1950లో లాయరుగా పేరు నమోదైంది. ఆ రోజుల్లోనే తాత్కాలిక పార్లమెంటులో సభ్యత్వం దక్కింది. 1952లో ఎమ్మిగనూరు నుంచి మద్రాసు శాసనసభకు గెలిచి, 31 ఏళ్ల వయసులో రాజాజీ మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ప్రకాశం, బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, ముగ్గురి మంత్రివర్గాల్లోనూ ఉన్నారు. 1960 జనవరిలో నీలం కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీ వెళ్లగా ముఖ్యమంత్రి పదవి సంజీవయ్యకు వచ్చింది. దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదటిసారి. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు కూడా నిండలేదు.

కుర్చీలో కూర్చున్నది రెండేళ్ల రెండు నెలలు. సొంత పార్టీలోనే వర్గాల పోరు. అయినా వృద్ధాప్య పింఛను ఆయన హయాంలోనే మొదలైంది. 1961లో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) వచ్చింది. దాదాపు 6 లక్షల ఎకరాల బంజరు భూమి పేదలకు చేరింది. ఈ మూడింటిలోనూ మాకు కనిపించేది కోర్టులు, కాగితాలు తెలిసిన మనిషి బుద్ధి. భూమి ఇస్తున్నామని సభలో ఎవరైనా ప్రకటిస్తారు. సర్వే నంబరు వేసి, హద్దులు చూపి, పట్టా చేతిలో పెట్టి, ఊరి భూముల లెక్క రాసే అడంగల్‌లో పేరు ఎక్కిస్తేనే ఆ భూమి పేదవాడిది. కాగితం లేని పేదవాడి భూమి ఎన్నాళ్లు నిలుస్తుందో సీమలో ఎవర్ని అడిగినా చెబుతారు. ముసలివాళ్లకు ఎన్నికల ముందు చీరా పంచే పెట్టి చేతులు దులుపుకోవచ్చు. నెలనెలా అందే పింఛనుకైతే బడ్జెట్లో పద్దు ఉండాలి, అర్హతల జాబితా ఉండాలి, రాకపోతే అడిగే వీలుండాలి. నేడు ఒకటో తారీఖున గడప దగ్గరికి వచ్చే 4,000 రూపాయలకు మొదలు ఎక్కడుందో, వాటిని అందుకునే ఎంతమంది అవ్వాతాతలకు తెలుసు?

మరి బోనస్? సంజీవయ్య పేరు అక్కడ ఎవరూ తలవరు. 1964లో ఆయన కేంద్ర కార్మిక మంత్రి అయ్యేనాటికి బోనస్ అంటే ఏటేటా ఒక తగాదా. యజమాని ఇస్తే ఇచ్చినట్టు, లేదంటే సమ్మె, ఆపైన ట్రిబ్యునల్. బోనస్ కమిషన్ నివేదిక అప్పటికే వచ్చి ఉంది. దాన్ని మూలన పడనివ్వలేదు. 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. లాభమొచ్చినా నష్టమొచ్చినా జీతంలో కనీసం 4 శాతం బోనస్ ఇచ్చి తీరాలన్నది ఆ చట్టం. తర్వాత ఆ కనీసం 8.33 శాతానికి పెరిగింది. పండగ ముందు బోనస్ అందుకునే ప్రతి కార్మికుడి లెక్కలో పెద్దపాడు మనిషి చేతి రాత ఉంది. దయ చూపమని యజమానిని బతిమాలే పని లేకుండా దాన్ని హక్కుగా రాయించినవారిని మనం ‘పాపం, పేదవాడు’ అని తలుచుకోవడం ఏం న్యాయం?

1962లో నీలం మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. సంజీవయ్య కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆ పదవిలోనూ తొలి దళితుడు ఆయనే. 1972 మేలో, 51 ఏళ్లకే కన్నుమూశారు. విశాఖలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి, హైదరాబాదులో పార్కుకు, మన గాజులదిన్నె ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టుకున్నాం. పేర్లకు లోటు లేదు.

లోటు వేరే చోట ఉంది. కర్నూలు జిల్లా లాయర్లలోంచి సంజీవయ్యే కాదు, కోట్ల విజయభాస్కరరెడ్డి కూడా వచ్చారు, రెండుసార్లు ముఖ్యమంత్రి అయ్యారు. కోట్లకు ఇంటి అండ ఉంది. సంజీవయ్యకు సర్కారు బడి, సర్కారు కాలేజీ, లా పట్టా తప్ప మరేమీ లేవు. ఆ దారిలో ఇవాళ రాదలచిన పిల్లల సంగతేమిటి? జిల్లా కోర్టుకు ఏ సోమవారమైనా వెళ్లి చూడండి. తెల్లారి బస్సెక్కి పల్లె నుంచి వచ్చిన కుర్రాడు సీనియర్ వెనకే కేసు కట్టలు మోస్తాడు, వకాల్తాలు నింపుతాడు, వాయిదాలు రాసుకుంటాడు. సాయంత్రానికి అతని జేబులో పడేది చార్జీలకు సరిపోతే గొప్ప. అమ్మానాన్న కూలికి వెళ్తుంటే ఇలా ఎన్నేళ్లు నెట్టుకొస్తాడు? రెండో ఏటికే నల్లకోటు మడిచిపెట్టి బెంగళూరు బండి ఎక్కుతున్నారు.

లాయరుగా నమోదు కావడానికే బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేస్తుంటే, చట్టంలో ఉన్న 750 రూపాయలకు, ఎస్సీ, ఎస్టీలకైతే 125 రూపాయలకు మించి తీసుకోవద్దని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. జూనియర్లకు నెలకు 5,000 రూపాయల భృతి 2019లో రాష్ట్రంలో మొదలైంది. ఇలాంటి సాయం ఏ ప్రభుత్వం దయ మీదా ఆధారపడకూడదు. సంజీవయ్య బోనస్‌కు చేసిందే దీనికీ చేయాలి, చట్టంలో పెట్టాలి.

పార్టీలు కూడా జవాబు చెప్పుకోవాలి. అసెంబ్లీ అభ్యర్థికి ఎన్నికల సంఘం పెట్టిన ఖర్చు పరిమితే 40 లక్షలు. అది కాగితం మీది లెక్కేనని అందరికీ తెలుసు. కోడుమూరు, నందికొట్కూరు ఎస్సీ రిజర్వుడు స్థానాలు. అక్కడ టికెట్ ఎవరికివ్వాలో అభ్యర్థి చదువూ పనీ చూసి తేలుస్తున్నారా, వెనకుండి నడిపించే పెద్దమనిషి మాటతో తేలుస్తున్నారా? జయంతి సభలో దండ వేసిన నాయకులే దీనికి జవాబు చెప్పాలి.

మేము అడిగేవి రెండు. శాసనసభలో, పార్లమెంటులో సంజీవయ్య చేసిన ప్రసంగాలను, ఇచ్చిన జవాబులను తెలుగులో చవక ధరకు అచ్చువేసి ప్రతి సర్కారు కాలేజీకీ పంపాలి. కర్నూలులో హైకోర్టు బెంచి పెట్టాలని 2024 నవంబరులో అసెంబ్లీ తీర్మానం చేసింది. ఆ బెంచి వచ్చిన రోజున ప్రభుత్వ ప్లీడర్లను, వాళ్ల కింద సహాయకులను నియమించాల్సి ఉంటుంది. ఇంట్లో మొదటిసారి నల్లకోటు వేసుకున్న సీమ పిల్లలకు ఆ జాబితాలో ఎన్ని పోస్టులు ఇస్తారో ప్రభుత్వం ఇప్పుడే చెప్పాలి, జీవో రూపంలో.