కీబోర్డు కొనే ముందు చెమ్మచెక్క ఆడించండి

మొన్న భోగి నాడు కోనసీమలో మా చెల్లెలి ఇంటి అరుగు మీద నాలుగేళ్ల మేనకోడలు వాళ్ల మామ్మతో గుడుగుడు గుంచం ఆడుతోంది. పిడికిలి మీద పిడికిలి పేర్చి మామ్మ పాట ఎత్తుకుంది. పిల్ల గొంతు కలవడం లేదు. పాటని మాటల్లా చెప్పేస్తోంది. మామ్మ ఆగి, “నువ్వు ఎత్తుకోవే అమ్మడూ” అంది. పిల్ల ఎక్కడో పైన మొదలెట్టింది. ఈసారి మామ్మే గొంతు పెంచి ఆ పిల్ల శ్రుతిలోకి వెళ్లింది. రెండో పాదానికి ఇద్దరి గొంతులూ ఒకటయ్యాయి.

ఆవిడ సంగీతం నేర్చుకున్న మనిషి కాదు. కానీ నేర్పేవాళ్లు చాలామంది మరిచిపోయే పని చేసింది. చిన్నపిల్లల గొంతు మనకంటే పైస్థాయిలో ఉంటుంది. పెద్దవాళ్లు, ముఖ్యంగా మగవాళ్లు, తమ శ్రుతిలో పాడి “ఇలా అను” అంటే ఆ స్వరం పిల్లలకి అందదు. అందక మాట్లాడినట్టు అనేస్తారు. “నీకు పాట రాదులే, ఊరుకో” అనేస్తాం మనం. ఆ ఒక్క మాటతో జన్మలో మళ్లీ నోరు విప్పి పాడనివాళ్లు నాకు తెలిసే ఎంతోమంది ఉన్నారు.

వినడం వేరు, విన్న స్వరాన్ని గొంతులోకి తెచ్చుకోవడం వేరు. రెండోది సాధనతో వస్తుంది. కీబోర్డు మీట నొక్కితే స్వరం తయారుగా పలుకుతుంది. పాడాలంటే మాత్రం దాన్ని ముందు లోపల వినాలి. హంగరీ స్వరకర్త జోల్తాన్ కొడాయ్ (1882–1967) పట్టుబట్టింది దీనికోసమే. వాయిద్యం కంటే ముందు పాట, అందులోనూ ముందు తమ నేల మీది పిల్లల ఆటపాటలు. మన లెక్కలో చెప్పాలంటే పంచమం (ప) నుంచి అంతర గాంధారానికి (గ) దిగే రెండు స్వరాలతో మొదలుపెట్టి, ఒక్కొక్కటే కలుపుతూ పోతారు. కాలవ అవతలి నేస్తాన్ని పిల్లలు సాగదీసి పిలిచే పిలుపు ఒకసారి వినండి, తరచూ ఇంచుమించు ఆ దిగుడే ఉంటుంది. జానపద సంగీతాన్ని కాపాడే మంచి విధానంగా ఆ పద్ధతిని 2016లో యునెస్కో గుర్తించింది.

మనకి ఆ సరుకు ఇంట్లోనే ఉంది. చెమ్మచెక్కలో చప్పట్లే తాళం. ఒప్పులకుప్పలో తిరుగుడు వేగం పెరిగేకొద్దీ పాట నడకా పెరగాలి, లేకపోతే పట్టు తప్పుతుంది. వీటికి చిన్న మార్పు చేసి చూడండి. చెమ్మచెక్క మధ్యలో ఒక పాదం నోరు మూసుకుని, చప్పట్లు మాత్రం ఆపకుండా కొట్టమనండి. తర్వాతి పాదం అందరూ ఒకేసారి ఎత్తుకోవాలి. పాట బయట ఆగినా పిల్లల లోపల నడుస్తూనే ఉంటుంది. మొదట్లో తలో శ్రుతిలో ఎత్తుకుంటారు, కంగారుపడకండి. రోజూ ఆడితే దగ్గరికొస్తారు. వీరి వీరి గుమ్మడిపండులోనూ అంతే. కళ్లు మూసిన పిల్లని ముట్టుకోవడం బదులు ఒకరు చిన్న పలుకు పాడాలి. కళ్లు మూసిన పిల్ల పాడినవాళ్ల పేరు చెప్పడంతో పాటు ఆ పలుకు తిరిగి పాడాలి కూడా.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఈ కోనసీమ శంకరగుప్తంలోనే 1930లో పుట్టారు. తండ్రి వేణు విద్వాంసుడు. అలాంటి ఇల్లు అందరికీ దొరకదు. కానీ నాట్లలో ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునే పాట, ధనుర్మాసంలో గొబ్బిళ్ల చుట్టూ తిరిగే పాట ఇక్కడి పిల్లల చెవిన ఊరికే పడేవి. ఇప్పుడవి తగ్గాయి. ఆ చోటులోకి ఫోన్‌లో రైమ్స్ వచ్చాయి. ఫోన్ మీద నాకు కోపం లేదు, కానీ అది పిల్ల కోసం ఆగదు, పిల్ల శ్రుతిలోకి రాదు.

అందుకే మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలుండే అంగన్‌వాడీల్లో రోజూ పావుగంట, స్పీకర్ ఆపేసి, ఈ ఆటలు ఆడించాలంటాను. టీచర్‌కి స్వరాలు రానక్కర్లేదు. “నువ్వు ఎత్తుకో” అని ఆగగలిగితే చాలు.

ఉగాదికి మళ్లీ వెళ్లాను. అదే అరుగు, అదే ఆట. మామ్మ అలవాటుగా కింద ఎత్తుకుంది. పిల్ల ఆవిడ పిడికిలి పట్టుకుని ఆపి, “అక్కడ కాదు మామ్మా, ఇక్కడ” అంటూ తన శ్రుతి అందించింది.